ఫ్లాటు కొనేముందు అసోసియేషన్ లెక్కల పుస్తకం చూపించమనండి

ఈసారి ఉత్తరాలన్నీ ఫ్లాటు మెయింటెనెన్స్ చుట్టూనే తిరిగాయి. ధర దగ్గర లక్ష తగ్గించమని నెలలపాటు బేరమాడేవాళ్లు కూడా, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నెలనెలా కట్టబోయే ఈ డబ్బు గురించి ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటున్నారు. అందుకే జవాబులు కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఇరవయ్యేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు చూశాం. ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ నెలకు 1,500 మాత్రమే. బాచుపల్లి వైపు గేటెడ్ కమ్యూనిటీలో ఇంచుమించు అంతే సైజు ఫ్లాటుకు 4,500 అవుతుందన్నారు. మావారు "నెలకు మూడు వేలు మిగులుతాయి కదా, పాతదే తీసుకుందాం" అంటున్నారు. నాకెందుకో టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉందండీ. మెయింటెనెన్స్ 1,500 అంటే అక్కడ వసూలయ్యేది 1,500 అని మాత్రమే తెలుస్తుంది, ఖర్చెంతో తెలియదు. ఖర్చుకి చాలినంత వసూలు కాకపోతే పనులు వాయిదా పడతాయి, వాయిదా పడినవన్నీ ఒక రోజు ఒకేసారి మీదకొస్తాయి, ఆ రోజుకి ఎవరు ఓనరుగా ఉంటే వాళ్ల నెత్తినే పడుతుంది.

లెక్క వేసి చూడండి. 20 ఫ్లాట్లు, 1,500 చొప్పున, అందరూ ఠంచనుగా కడితే నెలకు 30,000. వాచ్‌మన్‌కు పన్నెండు వేలనుకుందాం. కామన్ మీటరు బిల్లు, అంటే బోరు మోటారు, సంపులోంచి పై ట్యాంకుకి ఎక్కించే మోటారు, లిఫ్టు, మెట్ల మీద లైట్లు అన్నీ కలిపి ఏడెనిమిది వేలు. లిఫ్ట్ ఏఎంసీ, అంటే ఏడాది నిర్వహణ ఒప్పందం, నెల లెక్కన మూడు వేలు. ఆపైన మంజీరా నీళ్ల బిల్లు, చెత్త బండి, ఫినాయిలు, చీపుళ్లు, మాడిపోయిన బల్బులు, ఎప్పుడో ఒకప్పుడు జామయ్యే డ్రైనేజీ. ఇవి నా అంచనాలే, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. అన్నీ పోను మిగిలేది రెండు మూడు వేలు, అదీ ఒక్కరు కూడా ఎగ్గొట్టకపోతే. ఇక లిఫ్టు మార్చాల్సి వచ్చి పది లక్షలైందనుకోండి, తలా 50 వేలు వేసుకోవాలి. బయటి గోడలకి పెయింటింగ్ చేయించాలన్నా, బోరు ఎండిపోయి కొత్తది వేయించాలన్నా అదే కథ. మీవారు చెప్పిన మిగులు ఏడాదికి 36,000. ఇలాంటి పని ఒక్కటి వచ్చినా ఏడాది మిగులు మొత్తం ఊడ్చుకుపోతుంది.

అందుకని బయానా ఇచ్చేముందు అసోసియేషన్ సెక్రటరీనో ట్రెజరర్‌నో కలిసి లెక్కల పుస్తకం చూపించమని అడగండి. చిన్న అపార్ట్‌మెంట్లలో అది చాలాసార్లు ఒక లాంగ్ నోట్‌బుక్, లేదంటే ఫోన్లో ఎక్సెల్ షీటు. ముందు ఏప్రిల్, మే నెలల పేజీలు తిప్పండి. డిసెంబరు లెక్క చూస్తే ఏ అపార్ట్‌మెంటైనా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది, వేసవిలో "ట్యాంకర్" అన్న మాట ఎన్నిసార్లు రాశారో చూస్తేనే నీళ్ల పరిస్థితి తెలుస్తుంది. "మోటారు రీవైండింగ్", "స్టార్టర్ మార్పు", "లిఫ్ట్ రోప్" లాంటివి ఏడాదిలో రెండు మూడుసార్లు కనిపిస్తే ఆ మెషిన్లకి వయసైపోయిందని అర్థం. తర్వాత బ్యాంకు పాస్‌బుక్ అడగండి, అకౌంట్ అసోసియేషన్ పేరు మీద ఉందా, ట్రెజరర్ సొంత అకౌంట్‌లోనే డబ్బులు తిరుగుతున్నాయా అన్నది తప్పకుండా చూడండి. రెండోదైతే ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే, రేపు ఆయన ఫ్లాటు అమ్మేసి వెళ్లిపోతే లెక్క తేల్చడం కష్టం. మీటింగుల మినిట్స్ పుస్తకం ఉంటే అదీ చదవండి. "లిఫ్ట్ మార్పు గురించి వచ్చే మీటింగులో చర్చిద్దాం" అని మూడేళ్లుగా రాసుకుంటూ వస్తున్నారంటే ఆ ఖర్చు మీరు చేరాకే పడుతుంది. ఆ మాట పట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర రేటు తగ్గించమని అడగొచ్చు, అడగాలి కూడా.

ఇంకో మాట, ఇది డబ్బుకి మించిన మాట. మెయింటెనెన్స్ మరీ తక్కువగా ఉన్న చాలా చోట్ల ఆ తక్కువ వచ్చేది వాచ్‌మన్ జీతంలోంచే. సెల్లార్‌లో సంపు పక్కన ఒక చిన్న గదిలో భార్యాపిల్లలతో ఉంటూ, పొద్దున్నే మోటారు వేసి, మెట్లు తుడిచి, రాత్రి గేటు వేసే మనిషికి చాలీచాలని జీతం ఇచ్చి, మిగతాది కార్లు కడిగి సంపాదించుకోమంటున్నారు. అలాంటి మనిషి మంచి జీతం దొరికిన వెంటనే వెళ్లిపోతాడు, వెళ్లడమే న్యాయం. అప్పుడు కొత్త వాచ్‌మన్ కోసం అందరూ హడావుడి పడి మెయింటెనెన్స్ పెంచుతారు. కాబట్టి ఆయనకు ఎంత ఇస్తున్నారో కూడా అడగండి.

ఇక అమ్మేవాళ్ల పాత బకాయిలు. అసోసియేషన్ నుంచి "బకాయిలేమీ లేవు" అని లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోండి. రిజిస్ట్రేషన్ రోజు హడావుడిలో అడిగితే "తర్వాత ఇస్తాం లెండి" అంటారు, ముందే తీసుకోవాలి. ఆస్తి పన్ను పీటీఐఎన్ (పన్ను గుర్తింపు) నంబరుతో, నీళ్ల బిల్లు క్యాన్ (వినియోగదారు ఖాతా) నంబరుతో, కరెంటు బిల్లు సర్వీసు నంబరుతో మీరే ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఆస్తి పన్ను బకాయి ఆస్తిని పట్టుకునే ఉంటుంది. కరెంటు విషయంలో కూడా, పాత ఓనరు బకాయి కడితేనే కొత్త కనెక్షన్ ఇస్తామనే నిబంధన పెట్టుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ బాకీ మాది కాదని తర్వాత వాదించేకంటే ముందు చూసుకోవడం మేలు.

ఇంతా చెప్పి పాతది వద్దనడం లేదు. ఐదంతస్తుల పాత బిల్డింగుల్లో ఒక్కో ఫ్లాటుకి వచ్చే భూమి వాటా, అదే అన్‌డివైడెడ్ షేర్, పెద్ద టవర్లలో కంటే సాధారణంగా ఎక్కువ. మీ డాక్యుమెంట్లలో ఎన్ని గజాలు రాశారో చూడండి. లెక్కలు శుభ్రంగా ఉండి, నీళ్లు బాగుండి, ఓనర్లు చాలామంది అక్కడే ఉంటున్నట్లయితే ధైర్యంగా తీసుకోండి. కాకపోతే మీ బడ్జెట్‌లో 1,500 బదులు 3,000 రాసుకోండి.

ప్రశ్న: నార్సింగిలో కట్టుబడిలో ఉన్న ప్రాజెక్టులో 1,650 చదరపు అడుగుల ఫ్లాటు బుక్ చేశాను. ఇప్పుడు హ్యాండోవర్ దగ్గర పడ్డాక కార్పస్ ఫండ్ అడుగుకి 100, రెండేళ్ల అడ్వాన్స్ మెయింటెనెన్స్ అడుగుకి నెలకు 4 చొప్పున, దాని మీద జీఎస్టీ కట్టమంటున్నారు. ఇవి కట్టాల్సిందేనా? కార్పస్ మళ్లీ వెనక్కి వస్తుందా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ముందు మొత్తం ఎంతో చూద్దాం. కార్పస్ 1,65,000. రెండేళ్ల మెయింటెనెన్స్ 1,58,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 28,512. కలిపితే మూడున్నర లక్షలు దాటింది. ఫ్లాటు ధర చెప్పినప్పుడు ఈ అంకె చాలామంది చెప్పరు, చెప్పినా "ఆ, అవన్నీ చివర్లో" అని తేలిగ్గా తీసేస్తారు. హోమ్ లోన్‌లో ఇది కలుస్తుందో లేదో మీ బ్యాంకును అడగండి, కలవకపోతే చేతి డబ్బే పెట్టుకోవాలి.

కట్టాల్సిందేనా అంటే, మీ సేల్ అగ్రిమెంట్ తీసి చూడండి. అందులో ఎంత రాసి ఉంటే అంత. అగ్రిమెంట్‌లో అడుగుకి 60 అని ఉండి ఇప్పుడు 100 అంటుంటే ఒప్పుకోనక్కర్లేదు, రాతపూర్వకంగా కారణం అడగండి. 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తమ వాటా మెయింటెనెన్స్, నీళ్లు, కరెంటు, మునిసిపల్ పన్నులు కట్టాలి, నిజమే. అదే చట్టం బిల్డర్‌కి కూడా ఒక బాధ్యత పెట్టింది. అసోసియేషన్ చేతికి వెళ్లేదాకా అత్యవసర సేవలను సమంజసమైన ఛార్జీలతో ఆయనే నడపాలి. ఫ్లాటు అప్పగించే తేదీ దాకా ఉన్న పన్నులు, నీళ్లు, కరెంటు లాంటి చెల్లింపులు ఆయనవే, అవి ఎగవేసి అప్పగిస్తే తర్వాత కూడా ఆయనదే బాధ్యత.

కార్పస్ మీకు విడిగా వెనక్కి రాదు. అది అసోసియేషన్‌ది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండాలి, పదేళ్లకో పదిహేనేళ్లకో లిఫ్టులు, జనరేటరు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మార్చాల్సి వచ్చినప్పుడు అక్కరకు రావాలి. మీరు ఫ్లాటు అమ్మితే దానితోపాటే ఆ వాటా కొన్నవాళ్లకి వెళ్తుంది, కాబట్టి రేటు చెప్పేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి. మీరు ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఈ డబ్బు ఎవరి అకౌంట్‌లో, ఏ రూపంలో ఉంటుంది, అసోసియేషన్‌కి ఎప్పుడు వడ్డీతో సహా ఇస్తారు? చెక్కు కంపెనీ పేరు మీద రాయమంటే, కార్పస్ కింద తీసుకున్నామని, అసోసియేషన్‌కి బదిలీ చేస్తామని రసీదులో రాయించుకోండి. నోటిమాటతో ఊరుకోవద్దు, దయచేసి.

మెయింటెనెన్స్ ఏ రోజు నుంచి మొదలవుతుందన్నది ఇంకో చిక్కు. "ఫ్లాటు రెడీ, వచ్చి తీసుకోండి" అని మెయిల్ పంపిన తేదీ నుంచే మీటరు తిరగడం మొదలుపెట్టేవాళ్లున్నారు, అప్పటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ), అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం, రాకపోయినా సరే. ఓసీ వచ్చిన రెండు నెలల్లో మీరు ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలని రెరా చెబుతోంది. అందుకే "ఓసీ వచ్చాక, మాకు తాళాలు ఇచ్చిన రోజు నుంచి" అని రాయమనండి. మీరు ఓసీ వచ్చాక కూడా తాత్సారం చేస్తే మాత్రం ఆ నెలల మెయింటెనెన్స్ మీదే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. ఫ్లాటు అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపాలు, పనితనంలో, సేవల్లో లోపాలు బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అది చట్టం. అంటే సెల్లార్‌లో నీళ్లు కారినా, పైపులైన్ మొదటి వర్షానికే పగిలినా ఆ రిపేరు ఖర్చు మీరిచ్చిన అడ్వాన్స్ మెయింటెనెన్స్‌లోంచి పెట్టకూడదు. రెండేళ్ల అడ్వాన్స్ పద్దెనిమిది నెలలకే అయిపోయిందని చెబితే ఆడిట్ చేసిన లెక్కలు అడగండి, అందులో ఇలాంటి రిపేర్లు ఎన్ని దూర్చారో లెక్కపెట్టండి. పొరుగు ఫ్లాట్లవాళ్లు నలుగురైదుగురు కలిసి మెయిల్ పెడితే జవాబు వచ్చే తీరే వేరుగా ఉంటుంది.

జీఎస్టీ గురించి ఒక్క మాట. నెలకు 7,500 లోపు మెయింటెనెన్స్‌కి ఉన్న జీఎస్టీ మినహాయింపు అసోసియేషన్ తన సభ్యుల దగ్గర వసూలు చేసేదానికే. బిల్డర్ నేరుగా బిల్లు వేస్తే ఆ మినహాయింపు రాదు, అందుకే మీకు 18 శాతం పడింది. అసోసియేషన్ తొందరగా ఏర్పడితే లాభం ఇక్కడ కూడా ఉంది.

ప్రశ్న: మేం కొంటున్నది ఫస్ట్ ఫ్లోర్. కింద స్టిల్ట్ పార్కింగ్, ఒక్క అంతస్తు మెట్లే. లిఫ్ట్ వాడం. లిఫ్ట్ ఖర్చులో వాటా ఎందుకు? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: లిఫ్టులు కామన్ ఏరియా కిందికే వస్తాయని రెరా చట్టంలోనే ఉంది. మీరు కొన్నదాంట్లో ఆ లిఫ్టులో వాటా కూడా ఉంది, వాడకపోయినంత మాత్రాన వాటా పోదు. పై అంతస్తువాళ్లు కూడా మీ ఫ్లోర్‌లో కారిడార్ లైటు వాడరు, అయినా కడుతున్నారు. మీ అసోసియేషన్ బైలాస్‌లో, అంటే నియమావళిలో, ఫస్ట్ ఫ్లోర్‌కి తగ్గింపు రాసి ఉంటే అడగండి, లేకపోతే దీనికోసం పొరుగువాళ్లతో పేచీ పెట్టుకోవద్దు. మోకాళ్ల నొప్పులు రేపు ఎవరికైనా రావచ్చు, బియ్యం బస్తా, ఫ్రిజ్ ఎలాగూ లిఫ్టులోనే వస్తాయి.

ప్రశ్న: విజయవాడలో చిన్న అపార్ట్‌మెంట్, 15 ఫ్లాట్లు. బిల్డర్ దగ్గర మూడు అమ్ముడుపోకుండా ఉన్నాయి, స్థలం ఓనరు వాటాకి నాలుగు వచ్చాయి, ఆయన వాటిని అద్దెకిచ్చాడు. ఇద్దరూ మెయింటెనెన్స్ కట్టరు. "అమ్ముడుపోలేదు కదా" అని బిల్డర్, "స్థలమే నాది" అని ఆయన. మిగతా ఎనిమిది ఇళ్లే అంతా మోస్తున్నాం. మా తమ్ముడు కూడా ఇక్కడే కొందామంటున్నాడు, కొననివ్వమంటారా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: అన్యాయమండీ ఇది, మన రెండు రాష్ట్రాల్లో డెవలప్‌మెంట్ ఒప్పందం మీద కట్టిన చాలా అపార్ట్‌మెంట్లలో జరుగుతున్నది ఇదే. ఫ్లాటు అమ్ముడుపోలేదంటే దాని ఓనరు బిల్డరే. స్థలం ఇచ్చిన ఆయనకి ఆ స్థలానికి బదులుగానే నాలుగు ఫ్లాట్లు వచ్చాయి, ఇప్పుడు ఆయన కూడా మీలాగే ఒక ఓనరు, కాకపోతే నాలుగు వాటాల ఓనరు. ఆయన అద్దెకున్నవాళ్లు అదే బోరు నీళ్లు తాగుతున్నారు, అదే లిఫ్ట్ ఎక్కుతున్నారు. ఖర్చులో 15లో 7 వాటాలు ఆ ఇద్దరివే అంటే దాదాపు సగం. నెలకు 45,000 ఖర్చయితే అందరూ కడితే తలా 3,000, ఇప్పుడు మీ ఎనిమిది ఇళ్లు తలా 5,600 పైనే మోస్తున్నాయి.

మొదట అసోసియేషన్ రిజిస్టరైందో లేదో చూడండి. మన దగ్గర ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద గానీ, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద గానీ చేస్తారు. రిజిస్టర్ కాకుండా వాట్సాప్ గ్రూపే అసోసియేషన్ అనుకుంటే ఎవరూ లెక్కచేయరు. రిజిస్టరయ్యాక జనరల్ బాడీ పెట్టి, అన్ని ఫ్లాట్లకూ ఒకటే రేటు, ఆలస్యమైతే వడ్డీ అని తీర్మానం రాసి, ఆ ఇద్దరికీ రిజిస్టర్డ్ పోస్టులో బకాయిల పట్టికతో నోటీసు పంపండి. అద్దెకున్నవాళ్లని ఏమీ అనొద్దు, వాళ్లు ఓనరుకి "అద్దెతోపాటు మెయింటెనెన్స్ కూడా ఇస్తున్నాం" అంటుండొచ్చు, పాపం వాళ్ల తప్పు లేదు. కోపంలో వాళ్ల నీళ్ల వాల్వు కట్టేయడం లాంటివి అసలే చేయొద్దు, అంతవరకూ మీవైపున్న న్యాయం ఆ ఒక్క పనితో వాళ్లవైపు వెళ్లిపోతుంది. నోటీసుకి కదలకపోతే వసూలుకి సివిల్ కోర్టు ఉంది. ప్రాజెక్టు రెరాలో రిజిస్టరై ఉంటే బిల్డర్ మీద అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది దాటితే ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాబట్టి మీ 15 ఫ్లాట్ల ప్రాజెక్టు ఆ చట్టం వచ్చాక కట్టినదైతే నంబరు ఉందేమో చూడండి. ఒక మాట, వాళ్లు కట్టడం లేదని మీరూ ఆపేయకండి. మీ రసీదులే రేపు మీ బలం.

తమ్ముడి సంగతి. బిల్డర్ దగ్గర మిగిలిన మూడింట్లో ఒకటి కొంటే ఇది మీకు మంచి అవకాశం. ఆ ఫ్లాటు మీద ఇప్పటిదాకా ఉన్న బకాయి మొత్తం కట్టి అసోసియేషన్ రసీదు తెస్తేనే రిజిస్ట్రేషన్ అని తమ్ముడితో చెప్పించండి. అమ్మకం పోతుందంటే బిల్డర్ కడతాడు. ఒక ఫ్లాటుకి కట్టాక మిగతా రెండింటికి కాదనడం ఆయనకీ కష్టమే.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో 950 అడుగుల ఫ్లాట్లు, 1,700 అడుగుల ఫ్లాట్లు ఉన్నాయి. అందరికీ సమానంగా 2,500 వసూలు చేస్తున్నారు. చిన్న ఫ్లాటువాళ్లం మేం నష్టపోతున్నాం. అడుగు లెక్కన కట్టాలని చట్టం ఉందా? నేను ఇంకో ఫ్లాటు పుణెలో కూడా కొంటున్నాను, అక్కడ రూలు వేరంటున్నారు. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: పుణెది ముందు చెబుతాను, అది స్పష్టంగా ఉంది. మహారాష్ట్రలో రెండు రకాల వ్యవస్థలున్నాయి. 1970 నాటి అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం కింద ఉన్నవాటిలో అన్‌డివైడెడ్ షేరు శాతాన్ని బట్టి ఖర్చులు పంచుతారు, అంటే పెద్ద ఫ్లాటు ఎక్కువ కడుతుంది. సహకార హౌసింగ్ సొసైటీ అయితే సెక్యూరిటీ, ఊడ్పు, లైట్లు లాంటి సర్వీసు ఛార్జీలు చిన్నా పెద్దా తేడా లేకుండా సమానం. కాబట్టి పుణెలో మీరు కొంటున్నది ఏ రకమో అడగండి. సొసైటీ అయి, మీరు అద్దెకిస్తే నాన్ ఆక్యుపెన్సీ ఛార్జీ అని ఇంకొంచెం పడుతుంది, అది సర్వీసు ఛార్జీల్లో పది శాతం దాటకూడదు.

ఇక విశాఖ. మీ సేల్ డీడ్, అసోసియేషన్ బైలాస్ రెండూ చూడండి, పంపకం ఎలాగో అక్కడ రాసి ఉంటే అదే ఆధారం. రాసి లేకపోతే మీ జనరల్ బాడీలో మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, అన్నీ సమానం అనడమూ సరికాదు, అన్నీ అడుగు లెక్క అనడమూ సరికాదు. వాచ్‌మన్, లిఫ్ట్, చెత్త, మెట్ల లైట్లు ఇంటికింత అని సమానంగా పంచుకోవచ్చు, ఎందుకంటే గేటు తీయడానికి పెద్ద ఫ్లాటూ చిన్న ఫ్లాటూ ఉండవు. పెయింటింగ్, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, కార్పస్, బిల్డింగ్ ఇన్సూరెన్స్ లాంటివి ఆస్తిని కాపాడే ఖర్చులు, అవి అడుగు లెక్కన పంచడం న్యాయం. నీళ్లకి వీలైతే ఇంటింటికీ మీటరు పెట్టించుకోండి. నీళ్ల దగ్గర జరిగినన్ని గొడవలు ఇంకెక్కడా జరగవు, మీటరు పెడితే వాటిలో చాలావరకు ఆగిపోతాయి. ఈ పంపకం కాగితం మీద రాసి, 950 అడుగులవాళ్లకి ఎంత తగ్గుతుందో, 1,700 వాళ్లకి ఎంత పెరుగుతుందో రెండు నిలువు గళ్లలో చూపించండి. పెరిగేది మూడు నాలుగు వందలే అని అంకె కనిపిస్తే గొంతులు తగ్గుతాయి.

టాప్ ఫ్లోర్ కొనేవాళ్లకి కూడా ఇక్కడే చెబుతాను. టెర్రస్ కారితే "మీ ఇంట్లో కారుతోంది, మీరే చేయించుకోండి" అంటారు. టెర్రస్ అందరిదైతే రిపేరూ అందరిదే. కొనేముందు టెర్రస్ హక్కులు ఎవరికైనా విడిగా రాసిచ్చారేమో డాక్యుమెంట్లలో చూడండి.

ప్రశ్న: కొనబోయే ఫ్లాటు మెయింటెనెన్స్ 8,200. జీఎస్టీ 7,500 పైన ఉన్న 700 మీదా, మొత్తం 8,200 మీదా? అసోసియేషన్‌లో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి చెబుతున్నారు. (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఇద్దరు చెప్పేదానికీ ఆధారం ఉంది. సభ్యుడికి నెలకు 7,500 దాటితే, అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటితే, అంటే రెండూ దాటితేనే 18 శాతం పడుతుంది. 7,500 దాటినప్పుడు మొత్తం మీద కట్టాలని కేంద్ర పన్నుల బోర్డు 2019 జులైలో సర్క్యులర్ ఇచ్చింది. 2021లో మద్రాసు హైకోర్టు, దాటిన మొత్తం మీదే పన్ను అని తీర్పిచ్చింది. మీ విషయంలో మొత్తం మీదైతే నెలకు 1,476, పైదాని మీదైతే 126. చాలా తేడా. ఏది పాటించాలన్నది అసోసియేషన్ తన చార్టర్డ్ అకౌంటెంట్‌తో తేల్చుకోవాలి. మీరు మాత్రం ఇప్పుడు ఎలా వసూలు చేస్తున్నారో బిల్లు కాపీ చూడండి, 126 చొప్పున వసూలు చేస్తుంటే రేపు పాత తేడా కట్టమని నోటీసు వస్తే ఎవరు భరిస్తారని కూడా అడిగి ఉంచుకోండి. రెండు ఫ్లాట్లు ఉన్నవాళ్లకి ఈ 7,500 పరిమితి ఒక్కో ఫ్లాటుకీ విడివిడిగా వర్తిస్తుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటు ఖాళీగానే ఉంది. నీళ్లు చుక్క వాడం, అయినా పూర్తి మెయింటెనెన్స్ అడుగుతున్నారు. (ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: కట్టాలండీ. తలుపు వేసి ఉన్నా మీ గోడలకి పెయింటు కావాలి, మీ ఇంటికి కూడా వాచ్‌మనే కాపలా. నీళ్లకి విడిగా మీటరు ఉంటే ఆ భాగం మాత్రం తగ్గుతుంది, లేకపోతే తగ్గించమని జనరల్ బాడీని కోరవచ్చు. హైదరాబాద్‌లో నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకానికి మీ ఫ్లాటు నమోదైందో లేదో కూడా సెక్రటరీని అడగండి. అద్దెకిస్తే మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో రెంటల్ అగ్రిమెంట్‌లో రాయండి, కానీ అద్దెకున్నవాళ్లు ఎగ్గొడితే అసోసియేషన్ పట్టుకునేది మిమ్మల్నే. మీ మెయిల్ అసోసియేషన్ రిజిస్టర్‌లో రాయించి, ఇక్కడున్న అమ్మగారికో అన్నగారికో మీటింగుకి హాజరయ్యేలా ఆథరైజేషన్ లెటర్ పంపండి. బైలాస్ ఒప్పుకుంటే ఓటు కూడా వాళ్లే వేస్తారు.